సోదరసంఘములు – వాని నిధులు

ఒక్కని నెత్తిపై పడిన కష్టమును పదుగురు పంచుకొనుట మిగుల ప్రాచీనమైన యాచారము. పల్లెలో నొకని పాక కాలిపోయిన యెడల ఒకరు వాసములును, ఒకరు తాటాకులును ఇత్తురు. ఏమియు లేనివారు కూలి పుచ్చుకొనక రెండు దినములు పని చేయుదురు. వారము తిరుగక మునుపే పాక మరల నిలుచును. నేడు మేము నీకు, ఱేపు నీవు మాకు అనునదియే ఇందలి ధర్మము. ఈ ధర్మమునకు ఒక పేరును, కొన్ని నియమములును, ఒక చందాపుస్తకమును, ఒక కోశాధికారిని ఏర్పఱచినచో అది సోదరసంఘ మగును. ఇందు వాటాదారులు లేరు. లాభము పంచుకొనువారు లేరు. ఇచ్చువారును పుచ్చుకొనువారును సభ్యులే.

మన విద్యార్థులలో పలువురు కొలది సంవత్సరములలో ఉద్యోగములందో వృత్తులందో ప్రవేశించి ఇట్టి సంఘములలో నేదియో యొకదానియందు చేరుదురు. శ్రేఢులును, సగటులును, వడ్డీలెక్కలును చేయునపుడు "ఇవి యెందులకండీ?" యని మమ్ము నడుగు బాలబాలికలకు ఈ వ్యాసము కొంత ప్రత్యుత్తరముగా నుండునని తలంచుచున్నాము. లాభమును కోరని సంఘము, దొంగతనము జరుగని సంఘము, మంచివారే నడిపిన సంఘము ఎట్లు దివాలా తీయును? ఇదియే ఇచ్చట మేము విచారింపబూనిన ప్రశ్న.

ఈ ప్రశ్న మాకు పుస్తకములలో తొలుత ఎదురుపడినది కాదు. మేము ఉపాధ్యాయశిక్షణ ముగించుకొని మొదట పనిలో ప్రవేశించిన పట్టణమున ఉపాధ్యాయుల మరణసహాయనిధి యొకటి యుండెను. సభ్యులు 150 మంది. వారిలో నెవరైన మరణించినయెడల మిగిలినవారు తలకు 100 రూపాయల చొప్పున వేసికొని ఆ మొత్తమును కుటుంబమునకు చేర్చుచుండిరి. మొదటి మరణము సంభవించినపుడు ఆ యింటికి 14,900 రూపాయలు ముట్టెను. ఆ యుపాధ్యాయుడు అంతవఱకు సంఘమునకు ఇచ్చినది ఒక్క రూపాయియు లేదు. సంఘమును అందఱును మెచ్చుకొనిరి.

ఇరువదియేండ్లు గడచెను. క్రొత్త నియామకములు తగ్గెను. క్రొత్తగా వచ్చిన కొలదిమందియు చేరరైరి. స్థాపకులలో నొకరైన వృద్ధోపాధ్యాయుడు కాలము చేయునప్పటికి చందా ఇయ్యవలసినవారు ముప్పదియొక్కరు మాత్రమే మిగిలియుండిరి. అందును అయిదుగురు ఇయ్యలేదు. 2,600 రూపాయలు కవరులో పెట్టి ఆ యింటికి తీసికొనిపోయినవారము మేమే. ఆయన భార్య కవరు తెఱవలేదు. లోపలికి పోయి ఒక చిన్న నోటుపుస్తకము తెచ్చి మా చేతికిచ్చెను. అందు ఇరువదిమూడు పేరులును, తేదీలును, ఒక్కొక్క పేరునకెదురుగా 100 అను నంకెయు వ్రాయబడియుండెను.

"మాస్టారూ, ఆయన ఇరవైమూడు ఇళ్లకు ఇచ్చారు. ఒక్కసారైనా ఆలస్యం చెయ్యలేదు. ఆ డబ్బంతా ఎవరు తిన్నారండీ?" యని ఆమె యడిగెను.

"ఎవరూ తినలేదమ్మా" యని మాత్రము చెప్పి వచ్చితిమి. ఆ మాట నిజమే. కాని అది ఆమె యడిగినదానికి ఉత్తరము కాదు. పిమ్మట కొంతకాలము ఈ విషయమును గూర్చి చదువగా, ఇదే ప్రశ్నను నూఱేండ్లకు పూర్వము అమెరికాదేశమున వేలకొలది వృద్ధులును విధవలును అడిగియుండిరనియు, దానికి తగిన యుత్తరమును ఆ దేశపు సంఘములు మిక్కిలి కష్టపడి నేర్చుకొనినవనియు తెలిసికొంటిమి.

పెట్టె సంఘములు

ఇంగ్లండులో పదునెనిమిదవ శతాబ్దమున చేతిపనివారు చిన్నచిన్న సహాయసంఘములుగా నేర్పడిరి. చందాసొమ్మును ఒక గట్టి పెట్టెలో నుంచుట వారి యాచారము. పెట్టెకు మూడు తాళములుండుటయు, మూడు తాళపుచెవులు ముగ్గురు వేర్వేరు మనుష్యులయొద్ద నుండుటయు పరిపాటి. ఒక్కడు చెడ్డవాడైనను సొమ్ము పోగూడదని వారి యూహ. జ్వరపడి పనికి పోలేనివానికి వారవారమును కొంత పైకమును, మరణించినవానికి సమాధిఖర్చును ఇచ్చుచుండిరి. 1793 లో జార్జి రోజ్ అను పార్లమెంటు సభ్యుని ప్రయత్నమున ఇట్టి సంఘములను ప్రోత్సహించు చట్ట మేర్పడెను.

అమెరికాలో ఫిలడెల్ఫియా నగరమున 1787 లో రిచర్డు అల్లెన్, అబ్సలొమ్ జోన్సు అనువారు స్వతంత్రులైన నీగ్రోజాతివారి కొఱకు ఒక సంఘమును స్థాపించిరి. అబ్సలొమ్ జోన్సును రిచర్డు అల్లెనును దాస్యములో పుట్టి పిమ్మట విముక్తులైనవారు. సభ్యుడు నెలకు ఒక్క షిల్లింగు ఇయ్యవలెను. ఒక సంవత్సరము గడచిన పిమ్మట, అక్కఱలో నున్న సభ్యునకు వారమునకు 3 షిల్లింగుల 9 పెన్నీలు ఇత్తురు. ఇందలి యొక్క సంవత్సరపు గడువును గమనింపుడు. ముందు కొంత కూడబెట్టి పిమ్మట ఖర్చు చేయవలెనను జ్ఞానము ఆ పేదవారికి తెలిసియుండెను.

మూడు తాళముల పెట్టె దొంగలనుండి సొమ్మును కాపాడెను గాని కాలమునుండి కాపాడలేదు. ఇరువదియేండ్ల వాడును, ఏబదియేండ్ల వాడును ఒకే చందా ఇచ్చుచుండిరి. సంఘము పడుచుగా నున్నంతకాలము పెట్టె నిండుచుండెను. సభ్యులు ముదిసినకొలది జబ్బుదినములు పెరిగి పెట్టె ఖాళీయగుచుండెను. కొన్ని సంఘములు ఈ చిక్కు రాకుండుటకై సంవత్సరాంతమున మిగిలిన సొమ్మును పంచుకొని మరల క్రొత్తగా మొదలుపెట్టుచుండెను. పంచుకొనిన నాడు అందఱికిని సంతోషమే. కాని ముసలితనమునకై దాచినదేమియు లేదు. మఱుసటి యేట ముసలివానిని చేర్చుకొందురను నమ్మకమును లేదు.

1810 లో నేర్పడిన మాంచెస్టరు ఆడ్‌ఫెలోల సంఘము ఇంగ్లండులోని పెద్ద సోదరసంఘములలో నొకటి. దాని కార్యదర్శియైన హెన్రీ రాట్‌క్లిఫ్ తన సంఘసభ్యుల జబ్బులను మరణములను వయస్సుల ప్రకారము లెక్కించి 1850 లో పట్టికలుగా ప్రకటించెను. ఏ వయస్సువాడు ఏటికి సగటున ఎన్నిదినములు మంచమెక్కునో దానివలన తెలిసెను. 1875 లో వచ్చిన చట్టము, నమోదైన సంఘములు అయిదేండ్ల కొకసారి తమ యాస్తిని తమ వాగ్దానములతో సరిపోల్చి చూచుకొనవలెనని విధించెను. పెట్టెలో నేడు ఎంత యున్నదని కాక, ఇచ్చిన మాటలన్నియు చెల్లుటకు ఎంత యుండవలెనని అడుగుట ఆ చట్టము నేర్పిన మంచిపాఠము.

ఒక్క డాలరు సంఘము

ఈ పాఠము సముద్రము దాటి అమెరికాకు పోవుటకు చాలకాలము పట్టెను. పెన్సిల్వేనియా రాష్ట్రమున మీడ్‌విల్ అను పట్టణములో జాన్ జోర్డన్ అప్‌చర్చ్ అను రైలుమార్గపు యంత్రపనివాడు 1868 అక్టోబరు 27 వ తేదీన పదునలుగురు సభ్యులతో ఒక సంఘమును స్థాపించెను. దాని పేరు ఏన్షియంట్ ఆర్డర్ ఆఫ్ యునైటెడ్ వర్క్‌మెన్. పనివారికిని యజమానులకును సఖ్యము కలుగజేయవలెనని ఆయన మొదటి కోరిక. కాని లోకమును ఆకర్షించినది ఆ సంఘపు మరణసహాయము. ప్రతి సభ్యుడును ఒక్క డాలరు నిధికి ఇచ్చియుంచును. ఒకరు మరణించినపుడు ఆ సొమ్ము కుటుంబమునకు పోవును. తక్కినవారు మరల తలకొక డాలరు వేసి నిధిని నింపుదురు. కనీసము 500 డాలర్లు ఇయ్యవలెనని తొలుత నిశ్చయించిరి. సభ్యులు పెరిగిన పిమ్మట ఆ మొత్తము 2,000 డాలర్లాయెను.

ఆ కాలపు పనివానికి 2,000 డాలర్లన అనేక సంవత్సరముల సంపాదన. భీమాకంపెనీల చందాలు వానికి అందుబాటులో లేవు. కొన్ని కంపెనీలు కూలిపోయి జనుల నమ్మకమును పోగొట్టుకొనెను. కావున ఈ క్రొత్త పద్ధతి కార్చిచ్చువలె వ్యాపించెను. ఇరువదియైదేండ్లలో ఆ సంఘమున మూడులక్షల ప్రాంతమున సభ్యులు చేరిరి. దానిని చూచి నైట్స్ ఆఫ్ ఆనర్, రాయల్ ఆర్కానమ్, మోడరన్ వుడ్‌మెన్ మొదలగు సంఘము లెన్నియో పుట్టెను. 1920 ప్రాంతమునాటికి అమెరికాలోని వయస్సువచ్చిన పురుషులలో ఇంచుమించు మూడవవంతు ఏదో యొక సోదరసంఘమున నుండిరని చరిత్రకారుల యంచనా.

నిధి కూడబెట్టకుండుటను వారు గొప్పగుణముగా చెప్పుకొనుచుండిరి. "కంపెనీలు మీ సొమ్మును తమ బొక్కసములో దాచుకొనును, మా సంఘమున మీ సొమ్ము మీ జేబులోనే యుండును" అను తీరున వారి వాదము సాగెను. వినుట కింపుగానే యున్నది. 1878 లో దక్షిణరాష్ట్రములను పచ్చజ్వరము పట్టుకొనెను. మెంఫిస్ నగరమొక్కదానియందే అయిదువేలకు పైగా జనులు చనిపోయిరి. అచ్చట సభ్యులు గల సంఘములకు ఒకదానిపై నొకటిగా చావుకబురులు వచ్చెను. చందాలడుగు చీటీలును అట్లే పోయెను. ఆ దెబ్బను పెద్దసంఘములు ఎట్లో ఓర్చుకొనెను. జ్వరము వచ్చి పోవునది. వార్ధక్యము వచ్చిన పిమ్మట పోవునది కాదు.

వయస్సు చేయు లెక్క

ఇచ్చట విద్యార్థులు పలకయు బలపమును తీసికొనవలెను. అప్‌చర్చ్ సంఘము పుట్టిన ఆ 1868 లోనే షెపర్డు హోమన్స్ అను గణితజ్ఞుడు తయారుచేసిన మరణపట్టిక అమెరికాలో ప్రకటింపబడెను. దాని ప్రకారము వేయిమంది ముప్పదియేండ్ల వారిలో ఆ యేట మరణించువారు 8 మందికి కొంచెము పైగా నుందురు. నలువదియేండ్ల వారిలో 10 మంది. ఏబదియేండ్ల వారిలో 14 గురు. అఱువదియేండ్ల వారిలో 27 గురు. డెబ్బదియేండ్ల వారిలో 62 గురు. ఎనుబదియేండ్ల వారిలో 144 గురు. నేడు వైద్యము పెరిగి మరణములు తగ్గినవి గనుక ఈ యంకెలు ఇప్పటి వారికి చెల్లవు. కాని వయస్సుతో మరణము మొదట మెల్లగాను, పిమ్మట వడిగాను పెరుగుననుట నేటికిని నిజమే.

వేయిమంది గల సంఘము చనిపోయిన ప్రతివాని కుటుంబమునకు 1,000 డాలర్లు ఇచ్చుననుకొందము. అప్పుడు ఏటికి ఎందఱు చనిపోవుదురో తలకు అన్ని డాలర్లు ఖర్చు. అందఱును ముప్పదియేండ్ల వారైన ఏటికి 8 డాలర్లు. అందఱును డెబ్బదియేండ్ల వారైన 62 డాలర్లు. సంపాదన మెండుగా నున్ననాడు చందా తక్కువ. సంపాదన నిలిచిననాడు చందా ఎనిమిదింతలు. సంఘమును ఎవరును మోసపుచ్చలేదు. సభ్యుల పుట్టినదినములే దానిని ముంచివేసినవి.

దీనికి విరుగుడేమి? ముప్పదియేండ్లవాడు మొదటినుండి చావువఱకు ఒకే మొత్తము ఇచ్చుచుండవలెనన్నచో ఎంత ఇయ్యవలెనో గణితజ్ఞులు కట్టిరి. ఇదే పట్టికపై నూటికి మూడున్నర వడ్డీ చొప్పున అది ఏటికి ఇంచుమించు 17 డాలర్లు. మొదటియేట అవసరమైనది 8 మాత్రమే. తక్కిన 9 డాలర్లును ఎవరి లాభమును కాదు. అవి వాని ముసలితనపు చందాను వాడే ముందుగా చెల్లించుట. ఏబదినాలుగేండ్ల ప్రాంతమున అసలు ఖర్చు 17 డాలర్లను మించును. అటుపిమ్మట కొఱతను వెనుక దాచిన సొమ్మును, దాని వడ్డీయు పూడ్చుచుండును. దీనినే నిలువనిధి యందురు. సోదరసంఘములు నిందించిన కంపెనీ బొక్కసము ముఖ్యముగా ఇదియే. సభ్యుని జేబులోనే యుండునన్న ఆ 9 డాలర్లు నిజముగా జేబులో నిలిచినచో చిక్కులేదు. అవి పిల్లల బట్టలకును, ఇంటి యద్దెకును ఖర్చయిపోయినవి.

క్రొత్తరక్తపు మాయ

ఈ లెక్క చూపినవారికి సంఘనాయకులు ఒక ప్రత్యుత్తరము చెప్పుచుండిరి. ఏటేట పడుచువారు చేరుచుందురు గనుక సంఘపు సగటువయస్సు పెరుగదని వారి మాట. దీనికే క్రొత్తరక్త మనిపేరు. ఇందు రెండు తప్పులు గలవు. రెండును మన తరగతిలో చేయదగిన లెక్కలే.

మొదటిది సగటును గూర్చిన తప్పు. వేయిమంది సభ్యులలో 500 మంది ముప్పదియేండ్లవారును, 500 మంది డెబ్బదియేండ్లవారును ఉందురనుకొనుడు. సగటువయస్సు ఏబది. ఏబదియేండ్ల వారైన వేయిమందికి 14 మరణము లుండవలెను. కాని నిజముగా పడుచువారిలో నలుగురును, వృద్ధులలో ముప్పదియొక్కరును చేరి 35 మరణము లగును. సగటు పెరుగకున్నను చావులు పెరుగును. నది సగటులోతు మోకాలివఱకే యని విని దిగినవాడు మునిగిపోవునట్లే యిది.

రెండవది శ్రేఢిని గూర్చిన తప్పు. వేయిమంది నలువదియేండ్లవారున్న సంఘము పదియేండ్లకు ఏబదియేండ్లవారి సంఘమగును. ఇరువదియైదేండ్ల పడుచువారిని చేర్చి సగటును మరల నలువదికి దింపవలెనన్న ఎందఱు కావలెను? లెక్కసౌకర్యమునకై మరణములను విడిచిపెట్టుదము. 667 మంది కావలెను. సంఘమిప్పుడు 1,667. మఱి పదియేండ్లకు మరల 1,111 మంది కావలెను. ప్రతి పదియేండ్లకును సంఘము మూడింట అయిదువంతులుగా పెరుగవలెను. నూఱేండ్లకు దాని సభ్యులు 1,65,000 మంది. ఇన్నూఱేండ్లకు రెండుకోట్ల డెబ్బదిలక్షలకు పైగా. ఒక్క చిన్న సంఘము చౌకగా నిలుచుటకు ఒక దేశపు జనమంతయు చాలని దినము వచ్చును. చేరువారు తగ్గిన నాడు, తగ్గుట తప్పదు గనుక, ఆ భారమంతయు ఉన్నవారిపై పడును.

అంతియేకాదు, పడుచువాడు తెలివితక్కువవాడు కాడు. ముసలి సంఘమున ఏటికి 30 డాలర్లు అడుగుచుండగా ప్రక్కవీధిలో క్రొత్తగా పెట్టిన సంఘము 8 డాలర్లకే అంత సహాయము చేయుదుమని పిలుచును. ఆరోగ్యవంతుడైన యువకుడు అచ్చటికి పోవును. ముసలివానిని, జబ్బువానిని ఆ క్రొత్తసంఘము చేర్చుకొనదు గనుక వారు పాతదానిలోనే యుందురు. ఒకడు పోగా మిగిలినవారి చందా పెరుగును. చందా పెరుగగా మఱియొకడు పోవును. ఆ క్రొత్త సంఘమునకును ముప్పదియేండ్లకు ఇదే గతి పట్టును.

వృద్ధుల మొఱ

1886 లో అప్‌చర్చ్ సంఘపు పిలుపున పదునాఱు సోదరసంఘముల ప్రతినిధులు వాషింగ్టను నగరమున కూడి ఒక మహాసభగా నేర్పడిరి. ఆ సభలో లెక్క తెలిసినవారు ఏటేట హెచ్చరించుచు వచ్చిరి. తుదకు సోదరసంఘముల యనుభవమునుబట్టి 1898 లో ఒక మరణపట్టికను సిద్ధపఱచిరి. కాని పట్టికను అంగీకరించుట వేఱు, చందాను పెంచుట వేఱు. సంఘమున వోటు సభ్యులదే. తన చందాను తానే పెంచుకొనుటకు చేయెత్తువా డరుదు.

బోస్టను నగరమున 1877 లో పుట్టిన రాయల్ ఆర్కానమ్ సంఘపు చరిత్ర ఇందులకు తార్కాణము. అది మరణించిన సభ్యుని కుటుంబమునకు 3,000 డాలర్లవఱకు ఇచ్చుచుండెను. అందఱియొద్దను ఒకే డాలరు పుచ్చుకొనక, చేరిననాటి వయస్సునుబట్టి చందా నిర్ణయించుటచేత అది తక్కినవానికంటె మేలనిపించుకొనెను. అయినను నిలువనిధిని కూర్చుకొనలేదు. 1898 లో ఒకసారియు, 1905 లో మరల ఒకసారియు చందాలను పెంచవలసివచ్చెను. రెండవమాఱు పెంపు వృద్ధులపై మిక్కిలి బరువుగా పడెను. పాతికయేండ్లకు పైగా చెల్లించినవారు, క్రొత్తచందా ఇయ్యలేకయు, విడిచిపెట్టలేకయు, వేఱొకచోట చేరుటకు వయస్సు మీఱియు నిలిచిపోయిరి.

న్యూయార్కు సభ్యుడొకడు ఈ పెంపు తనతో చేసికొనిన యొడంబడికకు విరుద్ధమని వ్యాజ్యము వేసెను. ఆ రాష్ట్రపు న్యాయస్థానము అతని పక్షమున తీర్పు చెప్పెను. వ్యాజ్యము దేశపు అత్యున్నత న్యాయస్థానమునకు పోగా 1915 లో తీర్పు తలక్రిందయ్యెను. ఒక సభ్యుని చందా తగ్గినచో ఆ భారము తక్కిన సభ్యులపై పడును. ఇట్టి సంఘమున అందఱి హక్కులును ఒకదానితో నొకటి ముడిపడియున్నవి. కావున సంఘము పుట్టిన రాష్ట్రపు న్యాయమే అందఱికిని వర్తింపవలెనని ఆ తీర్పు సారాంశము. అతడు అన్యాయము పొందలేదని మేము చెప్పజాలము. ఆ యన్యాయము 1905 లో చందా పెంచినవారు చేసినది కాదు. 1877 లో చాలినంత అడుగకుండ మాట ఇచ్చినవారు తెలియక చేసినది. మాట ఇచ్చినవారికి చప్పట్లు దక్కెను. మాట చెల్లింపబోయినవారికి తిట్లు దక్కెను.

1910 లో అలబామా రాష్ట్రపు మొబైల్ నగరమున సంఘములును, భీమాధికారులును కూడి ఒక చట్టపు ముసాయిదాపై ఏకీభవించిరి. 1912 లో దానిని మఱికొంత సవరించిరి. సంఘములు తమ వాగ్దానముల విలువను కట్టి ప్రకటింపవలెననియు, క్రొత్తసంఘములు పట్టికకు తగిన చందాలే పుచ్చుకొనవలెననియు అందలి ముఖ్యాంశములు. పెక్కు రాష్ట్రములు దీనిని చట్టముగా చేసికొనెను. ఇంగ్లండు 1875 లో నేర్చుకొనినది అమెరికాకు ఇట్లు చేరెను.

నిలిచినవియు, కూలినవియు

సకాలమున చందాలను సవరించుకొనినవి నిలిచెను. 1882 లో మైకేల్ మెక్‌గివ్నీ అను గురువు న్యూహేవెన్ నగరమున విధవలకును అనాథలకును తోడ్పడుటకై స్థాపించిన నైట్స్ ఆఫ్ కొలంబస్ సంఘము నేటికిని బలముగా నున్నది. 1883 లో పుట్టిన మోడరన్ వుడ్‌మెన్ సంఘమును అట్లే యున్నది. లాభము లేని సంఘపు మిగులు ఎట్లు ఖర్చుకావలెననుటకు ఈ రెండవది మంచి యుదాహరణ మొకటి చూపినది. అది 1909 లో కొలరాడో స్ప్రింగ్సు సమీపమున క్షయరోగుల కొఱకు ఆసుపత్రి తెఱచి, తన సభ్యులకు ఉచితముగా చికిత్స చేయించెను. 1947 వఱకు అది నడచెను. వాటాదారులుండినచో ఆ సొమ్ము వారి చేతికి పోయియుండును.

పుట్టుక కారణమైన ఒక్క డాలరు సంఘము మాత్రము తన పూర్వవైభవమును నిలుపుకొనలేదు. సంఘముల క్షీణతకు వేఱు కారణములును గలవు. 1929 తఱువాతి మాంద్యములో పలువురు చందా కట్టలేకపోయిరి; గొప్ప సభామందిరములు కట్టుకొనిన శాఖలు అప్పులలో మునిగెను. ఇంగ్లండులో 1911 నాటి జాతీయభీమా చట్టమును, అమెరికాలో 1935 నాటి సాంఘికభద్రతా చట్టమును వచ్చిన పిమ్మట ప్రభుత్వమే కొంత భారమును వహించెను. మనదేశములోను చాలని చందాలతో పెద్దమాటలు చెప్పు చిన్న సంఘములు మెండగుటచేత 1912 లో ప్రావిడెంటు భీమాసంఘముల చట్టము చేయవలసివచ్చెను. కావున ఇది ఒక్క దేశపు కథ కాదు.

చేరుటకు ముందు అడుగవలసినవి

విద్యార్థులారా, మీరు ఏ సహాయనిధియందైన చేరబోవునపుడు నాలుగు ప్రశ్నలు అడుగుడు. సభ్యుల వయస్సుల జాబితా కలదా? ఇచ్చిన మాటలన్నియు చెల్లుటకు ఎంత కావలెనో, చేతిలో నెంత యున్నదో లెక్కతెలిసినవారు కట్టి చూచిరా? సభాఖర్చులకు వేఱు నిధియు, సహాయమునకు వేఱు నిధియు నున్నవా? ఇరువదియేండ్లకు రూపాయి విలువ తగ్గిపోవును గనుక సహాయపు మొత్తమును, దానితోపాటు చందాను సవరించు నియమము కలదా? ఈ నాలుగింటికి నవ్వుచు "మనవారమే కదా, ఎందుకీ యనుమానము?" అని ప్రత్యుత్తరము వచ్చినచో మీరు మఱింత జాగ్రత్తగా నుండవలెను. ఈ ప్రశ్నలు కోశాధికారి సత్యమును శంకించునవి కావు. సత్యవంతుడైన కోశాధికారియు రెండును రెండును అయిదు చేయలేడు.

ఆ తల్లి యడిగిన ప్రశ్నకు ఇప్పుడు మేము ఉత్తరము చెప్పగలము. అమ్మా, మీవారి సొమ్ము ఇరువదిమూడు ఇండ్లకు చేరినది. అచ్చట దానితో పిల్లల బడిజీతములు కట్టిరి, అప్పులు తీర్చిరి. అందులో ఒక్క రూపాయియు వ్యర్థము కాలేదు. ఆయన యిచ్చినది 2,300. మీకు వచ్చినది 2,600. అయినను మీకు అన్యాయమే జరిగినది. ఏలయన ఇతరుల యింటికై ఆయనయొద్ద చందా పుచ్చుకొన్న సంఘము, తన యింటికై ఆయన దాచుకొనవలసిన దానిని అడుగనేలేదు. అడిగియుండినచో నెలనెలయు మఱికొంత ఇచ్చియుండును; ఒక్కసారియు ఆలస్యము చేయని మనుష్యుడు. ఆయనలో కొఱత లేదు. లెక్క చేయవలసిన మాలోనే కొఱత యుండెను.

ఆ సంఘసభ్యులలో గణితోపాధ్యాయులు పలువురుండిరి. మేమును వారిలో నొకరము. ఇరువదియేండ్లు నల్లబల్లపై పరుల లెక్కలు చేసితిమి గాని, మా చందాపుస్తకమును ఒక్క సాయంకాలము ముందు పెట్టుకొని కూర్చుండలేదు. మా విద్యార్థులు అట్లు చేయకుందురుగాక.